అరచేతి బురుజు

చనిపోయిన మనిషి ఇంట్లోకి రెజీనా చెప్పులు విడిచే అడుగుపెట్టింది. మర్యాదకు కాదు. నిన్న సాయంత్రం నెహెమ్యా ఇవే బండల మీద ఉత్త కాళ్లతో నిలబడ్డాడు. ఆయన నిలబడినచోట తానూ నిలబడితేగానీ ఆమెకు పని మొదలైనట్టుండదు.

నల్లటి కడప బండలు పరిచిన వసారా. కిటికీ కింద చెక్కబల్ల. బల్ల మీద అరచేతిలో ఇమిడేంత కొండారెడ్డి బురుజు. పిల్లలాడుకునే బొమ్మ ఇటుకల్లో అతి చిన్నవాటిని ఏరి కట్టింది. మట్టిరంగు గోడలు, గోరంత కిటికీలు, పైన జెండాకు సన్నటి ఇనుప కడ్డీ. కర్నూలు మనిషెవడు చూసినా నవ్వుకుని చేతిలోకి తీసుకునేంత ముచ్చటగా ఉంది. దాని అడుగునుంచి వచ్చిన కరెంటు తీగ మాత్రం పాముపిల్లలా బల్ల దిగి గోడ దాకా పోయి పడుంది. ప్లగ్గు ఎవరో పీకేశారు.

జెండా కడ్డీ పట్టుకుని తిప్పితే లోపల దీపం వెలగాలి. నెహెమ్యా తిప్పాడు. దీపం వెలిగిందో లేదో చూసుకునే యోగం ఆయనకు లేకపోయింది.

"అమ్మా, నేను రెజీనా. పోలీసులు పట్టుకపోయినారే ప్రేమజ్యోతి, ఆ పిల్ల నాయన పంపిస్తే వచ్చినా," అంటూ గోడకానుకుని కూర్చున్న నెహెమ్యా భార్య రాహేలమ్మ పక్కన చతికిలబడింది.

"ఆ పిల్ల చేసిందని నేను అన్లేదమ్మా. నన్ను అడిగినోళ్లే లేరు." ఏడ్చి ఏడ్చి రాహేలమ్మ గొంతు పోయింది గానీ మాటలో పదును పోలేదు. "నిన్న మా గుడిలో కోత పండగ. ఇంటికొచ్చినాం, చుట్టాలు తిని పోయినారు, నేను ఇల్లు కడిగినా. ఆయప్ప కాళ్లూ చేతులూ కడుక్కోని వచ్చి, రాహేలా, దీపం చూద్దువు రా, అనె. గిన్నెలు తోముతాండా, వస్తాలే అంటి. దబ్బుమని సప్పుడు."

"కడ్డీ తిప్పితే దీపం వెలుగుతాదని ఎవురు చెప్పినారు?"

"బొమ్మకే అట్ట ముక్క కట్టింటే పాస్టరయ్య మైకులో చదివినాడు."

"గుళ్లోనే ఎవురన్నా తిప్పి చూసిండచ్చు గదా?"

"గుళ్లో కరెంటు యాడ సచ్చింది? జనరేటరు మైకుకే సరిపాయ."

"ఆయప్పకు బొమ్మలంటే అంత ఇష్టమా?"

"ఇష్టమా పాడా. నాకు గుమ్మడికాయ పాడి తెమ్మంటే దీన్ని పాడుకోని వచ్చె. ఏంటికి అంటే, రెండోపాటకు ఎవురూ నోరు తెరవలేదు, గుడికి చిన్నతనం గాదా అనె."

రెజీనా గోడనుంచి వీపు తీసింది. కోత పండుగ ఆమెకు తెలియనిది కాదు. ఆమె పుట్టిపెరిగింది కోసిగి పక్క గుడిలోనే. పంట చేతికొచ్చాక సంఘస్థులు జొన్నలో, కోడో, చేత్తో చేసిన వస్తువో దేవునికి కానుకగా తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని గుళ్లోనే వేలం పాడతారు.

"రెండోపాటనా? మొదటిపాట ఎవురిది?"

"అతిథి సారుది. మొదటి కానుక ఎప్పుడూ అతిథే గదమ్మా పాడాల్సింది. పెద్దపాట పాడినాడు, బొమ్మ పట్టుకోని ఫోటో దిగినాడు. పాస్టరయ్య చెవిలో ఏదో చెప్పినాక మళ్లీ దేవునికే అని ఇచ్చేసె. పెద్దమనుషులు చేసే పనే గదా అది. అప్పుడు రెండోసారి పాటకు పెడితే మాయన పాడె."

"ఎవురమ్మా ఆ అతిథి?"

"కడప సారు. రామకృష్ణ సారు. ముగ్గురాయి గనులాయన. గుడికి కొత్త కప్పు ఏపిస్తానంటే పిల్చినారు."

రెండేళ్లుగా రెజీనా నాలుక కింద పెట్టుకుని నములుతున్న పేరు అది. ఎవరో తియ్యగా వినిపిస్తే ఎలా మింగాలో తెలియలేదు.

రామకృష్ణ గనిలో, మంగంపేటలో, ఆమె తమ్ముడు జయపాల్ సూపర్‌వైజరుగా చేసేవాడు. గని గట్టు పగుళ్లిచ్చింది, మనుషుల్ని దించొద్దన్నాడు. దించమన్నారు. దించాల్సి వస్తే ముందు తానే దిగుతానని దిగాడు. గట్టు కూలింది. తాగి కాలుజారి పడ్డాడని పోలీసులు రాశారు. కల్లు వాసన కూడా ఎరగని మనిషి మీద అలా రాశారు. అప్పటికి రెజీనా కర్నూల్లో ఎస్సై. ఆ రాత చదివి, తన రాజీనామా దాని పక్కన పెట్టి వచ్చేసి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది.

అలా రాసి, తర్వాత ఈ జిల్లాకు బదిలీ మీద వచ్చినవాడి జీపే ఇప్పుడు వాకిట్లో ఆగింది.

సీఐ అరుణ్ కుమార్ బూట్లతోనే వసారాలోకి వచ్చాడు. వెనకాల ఒక మహిళా కానిస్టేబులు, ఆమె పక్కన ప్రేమజ్యోతి. ఇరవై దాటిన పిల్ల. నిద్రలేని కళ్లు, నలిగిన పండుగ చీర.

"ఏం రెజీనా, ఖాకీ విడిచినా వాసన పట్టే పని విడవలేదే?"

"ఖాకీలో ఉన్నోళ్లు ముక్కు మూసుకుంటే ఎవురో ఒకరు పట్టాల గదా సార్."

"నోరు అట్లే ఉంది. సరే, త్వరగా చూసుకుని బయల్దేరు. నాకూ పనుంది. ఈ రోజు రామకృష్ణగారి కొత్త ఆఫీసు ఓపెనింగు, కడపలో. ఈ కేసు మెడకు పడకపోతే ఈపాటికి అక్కడ భోజనానికి కూర్చునేవాణ్ణి." అతను బల్ల వైపు గడ్డంతో చూపించాడు. "ఇందులో పరిశోధించేదానికి ఏముంది చెప్పు. నెహెమ్యా సంఘపెద్ద. ఈ పిల్ల పెళ్లి ప్రకటన గుళ్లో చదవనీయకుండా అడ్డం పడ్డాడు. ఈ పిల్ల బొమ్మ కట్టింది, లోపల కరెంటు పెట్టింది. ఆయన పట్టుకున్నాడు, పోయాడు. సాయంత్రం కోర్టులో పెడతా."

"ఈ బొమ్మ నెహెమ్యాయే పాడతాడని ఆ పిల్లకు కల వచ్చిందా?"

"రశీదు ఆయన పేరు మీదే ఉంది."

"రశీదు ఆఖరున ఇంటికి తీసకపోయినోనికి రాస్తారు సార్. మీరు ఎప్పుడన్నా కోత పండక్కి పోయినారా? పోలేదులే. పెద్దమనిషి పాడిన వస్తువు ఇంటికి తీసకపోడు. మళ్లీ దేవునికే ఇచ్చేస్తాడు. ఇంకోసారి పాటకు పెడతారు. ఒక్కో ఏడు ఒకే కోడి నాలుగు చేతులు మారి, ఆఖరుకు ఎవురి కూరలో పడుతుందో కోడికి కూడా తెలీదు. గుళ్లో పుట్టిన ఈ పిల్లకు అది తెలీకుండా ఉంటాదా? ఒకర్ని చంపాలనుకునేది కోత పండక్కి కానుకిస్తాదా?"

రాహేలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది.

"ఆ సంగతి తెలీనోళ్లే ఇది చేసినారు," అంది రెజీనా. "వాళ్లకు తెలిసింది ఒక్కటే. మొదటి వస్తువు అతిథి పాడతాడు. పాడినోడు ఇంటికి తీసకపోతాడనుకున్నారు. కొత్త ఆఫీసు బల్ల మీద పెట్టుకుని, వచ్చినోళ్లకు కడ్డీ తిప్పి చూపిస్తాడనుకున్నారు. నెహెమ్యా అడ్డం వచ్చి పోయినాడు."

అరుణ్ కుమార్ నవ్వలేదు. నెమ్మదిగా దగ్గరికి వచ్చి, రాహేలమ్మకు వినపడనంత చిన్నగా అన్నాడు. "రామకృష్ణగారిని చంపాలనుకున్నారంటావు. బాగుంది. ఆయన చావాలని నీకంటే గట్టిగా కోరుకున్నోళ్లు ఈ రెండు జిల్లాల్లో ఎవరున్నారు రెజీనా? నిన్న నువ్వు యాడుండావు?"

"మా అమ్మ దగ్గర, కోసిగిలో. మా గుడిలో, మా కోత పండగలో. మూడువందల మంది చూసినారు. కావాలంటే కోడిని కూడా అడగండి."

"మీ తమ్ముడి కోపం నా కేసులోకి తేవద్దు. వాడు తాగి పడ్డాడు."

"పడినాడని మీరు రాసినారు. తాగినాడని కూడా మీరే రాసినారు. మీ చేతిరాత శానా బాగుంటాది సార్. నాకు అక్షరమక్షరం గుర్తుండాది." ఆమె గొంతు పెరగలేదు. అదే అతనికి మంట. "ఇప్పుడు ఒక్క పని చేయనీయండి. ఈ పిల్ల చేత్తోనే ఈ బురుజు విప్పనీయండి. మీ వాళ్లు ఫోటోలు తీసుకోనీ."

అతను ఆలోచించాడు. ఎలా కట్టిందో తన చేతులతోనే చూపిస్తే కేసు ఇంకా గట్టిపడుతుందని తోచింది. "విప్పనీ," అని తలాడించి, మోగుతున్న ఫోన్ పట్టుకుని వాకిట్లోకి పోయాడు. కానిస్టేబులు తన సెల్లు పట్టుకుని ఫోటోలకు నిలబడింది.

ప్రేమజ్యోతి బల్ల ముందు నేల మీద కూర్చుంది. బురుజును ఒళ్లోకి తీసుకుంది. గోటితో పైవరస లేపింది. టక్, టక్, టక్. వేరుశనక్కాయలు ఒలిచినంత సులువుగా ఇటుకలు వస్తున్నాయి. వచ్చినవి వచ్చినట్టే రంగు రంగుగా కుప్పలు పెడుతోంది, ఎవరూ చెప్పకుండానే.

"అతికించవా వీటిని?" అడిగింది రెజీనా.

"అతికిస్తే ఇటుక చచ్చిపోయినట్లే అక్కా. మళ్లీ ఇంకోటి కట్టేదానికి రాదు. నా దగ్గరుండేదే ఒక సంచీడు ఇటుకలు. చార్మినార్ విప్పి ఇది కట్టినా. దేవునికిచ్చేది గాబట్టి దీన్ని మాత్రం విప్పగూడదనుకున్నా." చేతిలోని ఇటుకను కుప్పలో పెట్టింది. "అదీ విప్పాల్సొచ్చె."

"దీపం నువ్వే పెట్టినావా?"

"నేనే పెట్టినా."

చెప్పిన తీరులోనే అబద్ధం ఉంది. గోడలన్నీ ఊడిపోయి అడుగు పీఠం మిగిలేదాకా రెజీనా ఊరికే చూస్తూ కూర్చుంది. పిల్ల గోరు పీఠం అంచుకు పెట్టి లేపింది. రాలేదు. ఇంకోవైపు పెట్టింది. రాలేదు. గోరు విరిగింది. పీఠాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి నోరు తెరిచింది.

"అతికించినారు," అంది తనలో తాను.

"నువ్వు కాదు గదా?"

ప్రేమజ్యోతి తలొంచుకుంది.

"చూడమ్మా. కడ్డీ నుంచి తీగ పోయింది ఈ పీఠంలోకే. ఇది కట్టినోళ్లే చంపినోళ్లు. నీకోసం మీ నాయన పొద్దున్నే నా ఆఫీసు మెట్ల మీద కూచోని ఏడ్చినాడు. పేరు చెప్పు."

"పేరు చెప్పను అక్కా. బైబిలు మీద చెయ్యి పెట్టి మాటిచ్చినా."

"జైలుకు పోతావు."

"పోతా. మాట తప్పి యాడికి పోవాల?"

ఈ పిల్లను కొట్టి చెప్పించలేరు, బుజ్జగించీ చెప్పించలేరు. ఇలాంటి ఆడవాళ్ల మధ్యనే పెరిగింది గనుక రెజీనాకు అది తెలుసు. దారి మార్చింది.

"పేరు వద్దులే. ఎట్ల కలిసింది, అది చెప్పు. దానికి ఒట్టు లేదు గదా?"

పిల్ల కొంచెం ఆలోచించింది. "ఇటుకలతో కట్టేటోళ్లం ఫోన్లో ఒక గ్రూపు ఉండాము. అందులో ఉండే అక్క. శానా మంచిది. నీ బురుజుకు దీపం పెట్టిస్తా, పండగలో మొదటిపాటకే పెట్టించు, అనింది. నాకు సంతోషమాయ. ఆఫీసులో తెలిస్తే ఒప్పుకోరు, నా పేరు యాడా రానీయొద్దు అంటే మాటిచ్చినా." బయటికి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఇంకోటి కూడా కట్టించుకోని తీసకపోయింది. గండికోట దర్వాజ. యాడో ఆఫీసు ఓపెనింగుకంట."

రెజీనా పక్కనున్న కత్తిపీట అందుకుని, దాని మొన పీఠం సందులో పెట్టి నొక్కింది. గమ్ము చిట్లింది. పీఠం రెండు ముక్కలైంది.

లోపల నల్లటి తీగ చుట్ట. చుట్టూ మట్టిరంగు ఇటుకలు. ఒక్క మూలన, బయటివాళ్లెవరికీ కనపడనిచోట, ఒకే ఒక్క నీలి ఇటుక.

కానిస్టేబులు ఫోటో తీసే లోపలే రెజీనా ఆ ఇటుకను పీకి పిడికిట్లో దాచుకుంది. ఎందుకు దాచిందో ఆమెకే తెలియలేదు.

జయపాల్‌కు చిన్నప్పటినుంచీ ఇదే పిచ్చి. బెంగళూరు పనికిపోయి వస్తూ నాయన తెచ్చిన ఇటుకల పెట్టెతో మొదలుపెట్టాడు. తాజ్‌మహల్ కట్టినా, మంత్రాలయం బృందావనం కట్టినా, అడుగు వరసలో ఒక మూలన నీలి ఇటుక దాచేవాడు. ఎవరికీ కనపడదు గదరా, ఏంటికి అని రెజీనా అడిగితే, "ఇంటికి మూలరాయి ఒకటుండాల గదక్కా. నాకు తెలిస్తే చాలదా?" అనేవాడు. ఆ సంగతి తెలిసినవాళ్లు లోకంలో ముగ్గురే. ఒకడు మట్టిలో కలిశాడు. ఒకరు రెజీనా. ఇంకొకరు అతని భార్య యామిని.

యామినిని వాడు రిజిస్టరాఫీసులో పెళ్లి చేసుకున్నాడు. వేరే కులం పిల్లని, హిందువుల పిల్లని, అమ్మ ఆమెను గుడి గడప తొక్కనీయలేదు. రెజీనా కూడా అడ్డం చెప్పలేదు. వాడు పోయాక గని వాళ్లు యామినికి వాళ్ల ఆఫీసులోనే ఉద్యోగం ఇచ్చారు. ఆమె తీసుకుంది. ఆ రోజు నలుగురిలో రెజీనా అన్నది: "నా తమ్ముని నెత్తురుకు నెలనెలా జీతం తీసుకుంటాండావు." తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

జీతానికి కాదు. ఈ ఒక్క రోజు కోసం చేరింది. ఆ మనిషికి చేతికందే దూరంలో ఉండటానికి చేరింది. ఒక్క ఏడన్నా కోత పండక్కి గుడికి రానిచ్చి ఉంటే, యామినికి రెండోపాట సంగతి తెలిసేది. నెహెమ్యా ఈపాటికి వాకిట్లో కూర్చుని గుమ్మడికాయ గురించి పెండ్లాం చేత తిట్లు తింటూ ఉండేవాడు.

రెజీనా లేచి పెరట్లోకి పోయింది. తొట్టి దగ్గర నిలబడి మొహం మీద నీళ్లు చల్లుకుంది. గండికోట దర్వాజ ఇప్పుడు కడపలో, రామకృష్ణ బల్ల మీద ఉంది. ఆ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదు. తాను ఏమీ చేయనక్కర్లేదు. ఈ తొట్టి దగ్గర ఇలాగే నిలబడితే చాలు. ఇంకో చెంబు నీళ్లు తీసుకుంది. కాళ్లు కడుక్కుంది. చేతులు మళ్లీ కడుక్కుంది. గట్టు కింద తమ్ముడి చెయ్యి ఒక్కటే బయటికి కనపడిందని చూసినవాళ్లు చెప్పారు. రెజీనాకు ఆ చెయ్యి రోజూ కనపడుతుంది. చెంబు నింపింది, ఒంపింది. కడుపులో చల్లగా ఏదో దిగుతోంది. ఇంత హాయి ఆమెకు రెండేళ్లలో లేదు.

కిటికీలోంచి లోపల ప్రేమజ్యోతి కనపడింది. ఇటుకల కుప్పలు పక్కకు జరిపి, రాహేలమ్మ ఎంగిలి చేయకుండా వదిలేసిన అన్నం కంచాన్ని ఆమె ముందుకు జరుపుతోంది. "ఒక్క ముద్ద తిను పెద్దమ్మా," అంటోంది.

సాయంత్రం ఆ పిల్ల కోర్టులో నిలబడుతుంది. నీలి ఇటుక తన పిడికిట్లోనే ఉంటే, జైలుకు కూడా పోతుంది.

రెజీనా చెంబు వదిలేసి ఫోన్ తీసింది. రామకృష్ణ నంబరు ఆమె దగ్గర పేరు లేకుండా ఉంది. ఎన్ని మధ్యాహ్నాలు ఆ నంబరు నొక్కి, మోగకముందే తీసేసిందో. ఈసారి తీయలేదు. మోగింది. చాలాసేపు మోగింది. వెనక సన్నాయి మేళం, జనం గోల మధ్య ఎవరో ఎత్తారు.

"రామకృష్ణ సారా? నేను చెప్పేది వినండి. మీ బల్ల మీద గండికోట బొమ్మ..."

"వదినా," అంది అవతలి గొంతు.

ఎక్కడో మేళం ఆగింది.

"సారు ఫోన్ నా దగ్గరే ఉంటాది వదినా. నేనే గదా చూసుకునేది," అంది యామిని. గొంతులో తొందర లేదు. "నువ్వు కనుక్కుంటావని తెలుసు. నీలి ఇటుక నీ కోసమే పెట్టినా. జయపాల్ చెయ్యి కూడా పడాల గదా ఇందులో."

"ఆ బొమ్మ పీకెయ్యి యామినీ. ఇప్పుడే. నిన్న ఈడ ఒక పాపం ముసలాయన పోయినాడు."

"తెలుసు. ఆయన కోసం రాత్రంతా ఏడ్చినా. నీ దేవుడు నన్ను క్షమించడులే. అందుకే ఈసారి వేలం పెట్టలా. నేనే చేతికిస్తాండా."

"చేసింది ప్రేమజ్యోతి అని ఆ పిల్లను లోపలేస్తాండారు. నీ పేరు చెప్పకుండా పోతాండాది జైలుకు."

"ఆ పిల్లకు నువ్వుండావు వదినా. సాక్ష్యం నీ చేతిలోనే ఉండాది. నాకు ఎవురుండారు? ఆ రోజు నలుగురిలో నువ్వన్న మాట ఉండాది, అంతే."

రెజీనా అప్పటికే పరిగెడుతోంది. తడి కాళ్లతో వసారా దాటి, రాహేలమ్మను దాటి, వాకిట్లో జీపుకానుకుని నవ్వుతూ ఫోన్ మాట్లాడుతున్న అరుణ్ కుమార్ వైపు. "సార్, కడపకు చెప్పండి. ఆఫీసులో కరెంటు తీసెయ్యమనండి," అని అరుస్తూ పిడికిలి విప్పి నీలి ఇటుకను అతని మొహం ముందు పెట్టింది. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. నీలి ఇటుక చూడగానే తనకు అర్థమైనదంతా ఇప్పుడితనికి మొదటినుంచి చెప్పాలి.

చెవి దగ్గర ఫోన్లో కుళాయి చప్పుడు వినపడుతోంది. భోజనం చేసి ఎవరో చేతులు కడుక్కుంటున్నారు.

కుళాయి ఆగింది.

"తుడుసుకునే పనిలేదు సార్, రండి," అంటోంది యామిని, అటు తిరిగి. "దీపం వెలిగించి తుడుసుకుందురు."